ఇయర్‌ఫోన్లు తిరిగిచ్చిన మనిషి

పాత సామాను కోసం వచ్చేవాళ్లలో నాకు తెలిసినవి రెండే జాతులు. తెగ బేరమాడి పట్టుకెళ్లేవాళ్లు, తెగ బేరమాడి వదిలేసి వెళ్లేవాళ్లు. ఎదురు కటింగ్ షాపులో పనిచేసే దువ్వెన ఈ రెండింట్లోనూ చేరలేదు. ఒక మధ్యాహ్నం వచ్చి, నా గాజు బీరువా అడుగు అరలో ఎవరూ అడగక పడి ఉన్న చిన్న వీడియో ప్లేయర్‌ని వేలితో చూపించాడు. అరచేయంత తెర, పక్కన నాలుగు బటన్లు, వెనక పిల్లలెవరో అంటించిన స్టిక్కర్ తాలూకు మరక. పనిచేస్తుందా అని కూడా అడగకుండా తీసుకున్నాడు. దానికి చుట్టిపెట్టిన ఇయర్‌ఫోన్లను మాత్రం జాగ్రత్తగా విప్పి బల్ల మీద పెట్టి, ఇవి తనకు అక్కర్లేదు, ఇంకెవరికైనా ఇమ్మన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను నడిపేది రిపేరు షాపు. రేడియోలు, ఫోన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, ఏది మొరాయించినా వీధి వీధంతా నా దగ్గరికే వస్తుంది. నా పేరుతో ఎవరికీ పనిపడలేదు, అందరికీ నేను రిపేరక్కనే. ఆ ఇయర్‌ఫోన్ల తీగ తెగితే కూర్చుని అతికించింది నేను. బల్ల కింద ఛార్జరు వెతుకుతూ, వాటికేం రోగమొచ్చిందని గట్టిగానే అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను, ఈసారి ఇంకాస్త ఘాటుగా. అయినా లేదు. లేచి నిలబడి చూస్తే అతను నా కళ్లలోకి కాకుండా నోటి వంక చూస్తున్నాడు. ఆడదాని నోటి వంక అలా చూసే మగవాడికి ఏం చెప్పాలో నాకు బాగా తెలుసు. చెప్పబోయాను కూడా. కానీ అతని ముఖంలో భయం కనిపించింది. ప్రశ్న ఏమిటో తెలియకుండా జవాబు కోసం తడుముకుంటున్నవాడి భయం. నా కోపం చప్పున చల్లారిపోయింది.

"వినపడటం లేదా?" అని మెల్లగా, మాట విడదీసి అడిగాను.

అతను వెనక్కి తిరిగి తన షాపు వంక ఒకసారి చూసుకుని మళ్లీ నా వైపు తిరిగాడు. "బావకి చెప్పకు అక్కా" అన్నాడు.

దువ్వెన అతని అసలు పేరు కాదు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, చెవి వెనక ఎప్పుడూ ఒక దువ్వెన దోపుకుని ఉంటాడు, అంతకంటే ఆలోచించే ఓపిక లేక వీధి ఆ పేరు పెట్టేసింది. బావ అంటే అతని భార్యకు అన్న, ఆ షాపు యజమాని. షాపులో రెండు కుర్చీలు. కిటికీ పక్కది యజమానిది, లోపలిది దువ్వెనది. పెళ్లయిన కొత్తలో నేర్చుకోవడానికి వచ్చి ఆ లోపలి కుర్చీ వెనక నిలబడ్డవాడు మళ్లీ కదల్లేదు. కత్తెర చూస్తేనే గుక్కపట్టే పిల్లలు కూడా అతని చేతిలో కిక్కురుమనేవాళ్లు కాదు. పెద్దవాళ్లకు మాటలు కావాలి, అవీ అతని దగ్గర దండిగా దొరికేవి. కటింగ్ షాపుకు వచ్చేవాళ్లలో సగం మందికి జుట్టు ఒక వంక మాత్రమేనని నా అనుమానం.

ఆ ఏడు వానల్లో పట్టుకున్న జ్వరం పోతూ పోతూ అతని వినికిడిని వెంట తీసుకుపోయింది. ముందు ఒక చెవి, తర్వాత రెండోది. డాక్టరు నరం దెబ్బతిన్నదని చెప్పి చేతులెత్తేశాడు. చెవి మిషన్ పెట్టించుకుంటే ట్రిమ్మర్ రొద, వీధిలో హారన్లు, తువ్వాలు దులిపిన చప్పుడు అన్నీ ఒక్కసారిగా మీదపడేవి, మాట మాత్రం చిక్కేది కాదు. దాన్ని తీసి పెట్టెలో పెట్టేశాడు. సంగతి భార్యకు తెలుసు. ఆమె అన్నకు తెలియదు. తెలియకూడదని దంపతులిద్దరూ కళ్లలో వత్తులేసుకుని కాపాడుకుంటున్నారు.

ఎందుకంటే యజమాని చెడ్డవాడు కాదు గానీ కత్తి విషయంలో మహా పట్టుదల మనిషి. అంతకుముందు పనిచేసిన పెద్దాయనకు చెయ్యి కాస్త వణకడం మొదలైందని ఆ రోజే కుర్చీ దగ్గర్నుంచి తప్పించి తువ్వాళ్లు ఉతకడానికి పెట్టాడు. ఎదుటి మనిషి గొంతు మన బ్లేడు కింద ఉంటుంది, ఆగు అంటే ఆగాలి అనేవాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించదు. దువ్వెనకూ కనిపించలేదు. అందుకే, ఆగు అంటే తెలుసుకునే దారి వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు.

పెదవుల్ని చూసి మాటను పట్టడం నేర్చుకోవాలని అతని పంతం. సినిమాలు చూశాడట. వాటిలో మనుషులు పరుగెడతారు, ఏడుస్తారు, అసలు మాట చెప్పేటప్పుడు కిటికీ వైపు తిరిగిపోతారు. వార్తలు చదివేవాళ్లు వెనక ఎవరో తరుముతున్నట్టు చదువుతారు. ఇలా కాదనుకుంటూ ఉండగా వీడియో పాడ్‌కాస్ట్‌లు కంటపడ్డాయి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుంటారు, ముఖాలు దగ్గరగా కనిపిస్తాయి, ఏ పనీ లేనట్టు ఎంతసేపైనా మాట్లాడుకుంటారు. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. మనిషినైతే మళ్లీ చెప్పమని ఎన్నిసార్లు అడుగుతామక్కా, రెండోసారికే విసుక్కుంటారు అన్నాడు. అయితే ఫోనులో చూసుకోవచ్చు కదా, ఈ ముసలి ప్లేయరెందుకని అడిగాను.

"ఫోను మోగుతుందక్కా. మోగిందని కూడా నాకు తెలీదు. వెలిగితే పట్టుకెళ్లి ఎవరి చేతిలోనో పెట్టాలి. దీనికైతే ఎవరూ ఫోన్ చెయ్యరు."

పాడ్‌కాస్ట్‌లు ఎక్కించి ఇచ్చే పని నెత్తిన వేసుకున్నాను. నెత్తిన వేసుకున్నాక తెలిసింది, ఈ పాడ్‌కాస్ట్‌లవాళ్లంత పనికిమాలినవాళ్లు లోకంలో లేరని. ఒక్కొక్కడూ నోటికి అడ్డంగా గుప్పెడంత మైకు పెట్టుకుని కూర్చుంటాడు. ముఖం చూపించడానికేగా వీడియో తీసింది, ఆ ముఖంలో ముఖ్యమైన భాగాన్నే మూసేస్తే ఎలా? ఒకడు మాట్లాడుతూ కాఫీ తాగుతాడు. ఒకామె ప్రతి మాటకూ తల వెనక్కి వాల్చి నవ్వుతుంది. తిట్టుకుంటూ తిట్టుకుంటూ వెతగ్గా చివరికి ఒక పశువుల డాక్టరమ్మ దొరికింది. చిన్న మైకు కాలరుకు తగిలించుకుని, కెమెరా వంక సూటిగా చూస్తూ, దూడల అజీర్తి గురించి తాపీగా మాట్లాడుతుంది. ఆమెను చూడగానే దువ్వెన ముఖం వెలిగిపోయింది. ఏ అందగత్తెకూ అంత ఆదరణ దక్కి ఉండదు.

రోజూ మధ్యాహ్నం గిరాకీ పల్చబడ్డాక వచ్చి నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ప్లేయర్ మా ఇద్దరి మధ్య నిలబెట్టేవాళ్లం. అతను వద్దన్న ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో. డాక్టరమ్మ ఒక మాట చెప్పగానే అతను ఆపి, ఆమె ఏమందో నాకు చెప్పాలి. సరిగ్గా చెబితే తల ఊపేదాన్ని. తప్పితే అరచెయ్యి చూపించేదాన్ని, వెనక్కి తిప్పేవాడు. మొదట్లో నా అరచెయ్యి దిగిందే లేదు. ఇస్త్రీపెట్టె విప్పుకుని కూర్చోవలసిన సమయంలో ఆవుల కడుపుబ్బరం వింటున్నాను, నాకేం ఖర్మ అని పైకే అనేదాన్ని, ఎలాగూ వినపడదని. ఒకసారి అతను తెర మీంచి కళ్లు తిప్పి, నీ ఖర్మ కాదక్కా, నా అదృష్టం అన్నాడు. అప్పటికి నా నోటిని పట్టేశాడన్నమాట. ఆ తర్వాత గొణుక్కోవడం మానుకున్నాను.

కొన్నాళ్లకు నాకో అనుమానం వచ్చింది. పెదవులు చూసి కాక, బట్టీపట్టి చెబుతున్నాడేమోనని. ఒక రోజు చెప్పకుండా ఆ భాగాలు తీసేసి, అదే డాక్టరమ్మవి కొత్తవి ఎక్కించాను. నా అనుమానమే నిజమైంది, సగానికి సగం తప్పాడు. ఎవరైనా ముఖం మాడ్చుకునేవాళ్లు. అతను మాత్రం ఇకనుంచి పాతవి పెట్టొద్దని చెప్పి, స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, మొదటి మాట దగ్గరికి తిప్పాడు. గొంతు కూడా అదుపు తప్పేది, ఒకోసారి వీధి చివరిదాకా వినపడేలా మాట్లాడేవాడు. నేను చెయ్యి కిందికి దించితే తగ్గించేవాడు. అలా అలా దారిలో పడ్డాడు.

షాపులో అతనికి కలిసొచ్చింది అద్దం. కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎవరూ వెనక్కి తిరిగి మాట్లాడరు, అద్దంలోకి చూస్తూ మాట్లాడతారు. ముఖం ఎదురుగా, కదలకుండా, పైన లైటు. పాడ్‌కాస్టే. వెనక నిలబడ్డ దువ్వెన కత్తెర ఆడిస్తూనే అద్దంలో చదివేసేవాడు. పక్కనే ఉన్న యజమానికి ఏ తేడా తెలియలేదు. మావాడు ఈమధ్య మాటలు తగ్గించి పని మీద ధ్యాస పెట్టాడని నాతో సంబరంగా చెప్పాడు కూడా. నేను నవ్వు దిగమింగుకున్నాను.

ఇంతలో వీధిలో ఒక వింత మొదలైంది. పోస్టుమాన్ మిక్సీ పట్టుకుని వస్తే, మీసం పెదవి పైన గీతలా ఉంది. మర్నాడు బేకరీవాడికీ అంతే. ఆ తర్వాత చూస్తే బడి గుమాస్తాకూ, పాలవాడికీ, పాలవాడి తమ్ముడికీ అదే గీత. కొత్త ఫ్యాషనని కుర్రకారు వెళ్లి అడిగి మరీ చేయించుకుంటున్నారు. నాకు వెలిగింది. మధ్యాహ్నం దువ్వెన రాగానే నిలదీశాను, ఊరి మీసాలన్నీ నువ్వే మేసేస్తున్నావా అని.

"పెదవి కనపడాలి కదక్కా" అన్నాడు, సిగ్గుపడుతూ.

అడిగి చేస్తున్నావా అంటే, మీసం సరిచెయ్యమంటే ఎంత సరిచెయ్యాలో ఎవరూ చెప్పరు కదా అన్నాడు. నవ్వొచ్చినా, ఇది ఎక్కడో బెడిసికొడుతుందని హెచ్చరించాను. తలూపాడు. తలూపినంత తేలిగ్గా మానుకోలేదు.

బెడిసికొట్టింది బస్సు డిపో కంట్రోలరు దగ్గర. ఆయన మీసం మామూలు మీసం కాదు, పై పెదవిని పూర్తిగా మూసేసి కింది పెదవి మీదికి కూడా వాలి ఉండేది. ఎప్పుడూ యజమాని కుర్చీలోనే కూర్చునేవాడు. ఆ రోజు యజమాని బ్లేడ్లు కొనడానికి వెళ్లడంతో లోపలి కుర్చీలో కూర్చున్నాడు. మెడ వెనక గీయడానికి దువ్వెన ఆయన తల వంచాడు. గడ్డం గుండెకు ఆనేలా వంగి ఉన్నప్పుడే ఆయన చెప్పాడట, మీసం జోలికి వెళ్లొద్దని. చెప్పానన్న ధీమాతో తల ఎత్తాక కునుకు తీశాడు. దువ్వెన అద్దంలోకి చూశాడు. ఆ ముఖంలో చదవడానికి ఏమీ లేదు. అలవాటుగా కత్తెర పెట్టాడు.

మీసం కింద మచ్చ ఉంది. పుట్టుకతో చీలిన పెదవిని చిన్నప్పుడు కుట్టిన మచ్చ, ముక్కు దాకా. మీసం మొలిచిన నాటినుంచీ ఆయన దాన్ని ఎవరికీ చూపించలేదు.

అరుపులు విని నేను పరుగెత్తుకెళ్లేసరికి యజమాని గుమ్మంలో బ్లేడ్ల పొట్లంతో నిలబడిపోయి ఉన్నాడు. కంట్రోలరు కుర్చీలోంచి లేచి, అరచేత్తో నోరు మూసుకుని, ఆ చేతి వెనకనుంచి కేకలేస్తున్నాడు. నీకు చెప్పానా లేదా, చెప్పానా లేదా అని. దువ్వెన ఆ అరచెయ్యి వంకే చూస్తున్నాడు. ఒక్క ముక్క అందడం లేదని నాకు తెలుస్తోంది. ఏదో ఒకటి చెప్పి బయటపడతాడనుకున్నాను. క్షమించండని కాళ్ల మీద పడినా సరిపోయేది.

"చెయ్యి తియ్యండి సార్" అన్నాడు. "మీరేమంటున్నారో నాకు తెలీడం లేదు. నాకు వినపడదు."

కంట్రోలరు కేకలు ఆపాడు గానీ చెయ్యి తియ్యలేదు. బల్ల మీది తువ్వాలు లాక్కుని, ముఖానికి అడ్డం పెట్టుకుని, నన్ను రాసుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

యజమాని పొట్లం పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి ఏదో అన్నాడు. దువ్వెన వెళ్లి ఆయనకీ గోడకూ మధ్య నిలబడ్డాడు. "ఏదన్నా నా ముఖం చూసి చెప్పు బావా" అన్నాడు. యజమాని చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇంట్లో మనిషివి, నాకు చెప్పకుండా ఇన్నాళ్లు గొంతుల మీద కత్తి పెట్టావా అన్నాడు. రేపట్నుంచి కుర్చీ దగ్గరికి రావద్దు, తువ్వాళ్లు చూసుకో అన్నాడు. దువ్వెన మొత్తం చదివాడు. చేతిలోని కత్తెర తుడిచి ఆయన చేతిలో పెట్టాడు.

మర్నాడు అతని భార్య నా షాపుకు వచ్చింది. రాత్రంతా ఏడ్చినట్టుంది, ముఖం ఉబ్బి ఉంది. అన్నను ఏమీ అనలేదు, భర్తను ఏమీ అనలేదు. బేకరీలో డబ్బాలు సర్దే పని ఉందట, అక్కడ వినపడకపోయినా ఫరవాలేదట, మీ తమ్ముడు మీ మాటైతే వింటాడు, మీరు చెప్పండక్కా అని నా చేతులు పట్టుకుంది. వింటాడన్న మాట నోటినుంచి వచ్చాక తనే తల దించుకుంది. ఆమె బాధ అబద్ధం కాదు. చెబుతానని మాటిచ్చి, మధ్యాహ్నం అతనికి చెప్పాను.

"కుర్చీ నాదక్కా" అన్నాడు. "చెవులు పోతే పోయాయి. చేతులు ఎక్కడికీ పోలేదు."

ఆ తర్వాత, ముందు ఒక పని ఉంది, తోడు రమ్మన్నాడు. ఎక్కడికంటే డిపోకు, కంట్రోలరుకు క్షమాపణ చెప్పుకోవాలట. నువ్వు పలికే మాట ఆయన వింటాడు, ఆయన అనే మాట నీకెవరు చెబుతారు అని షాపు మూసి బయల్దేరాను. గేటు దగ్గరికి వెళ్లాక నన్ను అక్కడే ఉండమన్నాడు. ఇది నీ చెవులతో చేసే పని కాదక్కా అని లోపలికి వెళ్లాడు.

డిపో అంటే చెవులున్నవాడికి నరకం. బస్సులన్నీ ఇంజన్లు ఆన్ చేసి గుర్రుమంటూ ఉన్నాయి. మధ్యలో అద్దాల గదిలో కంట్రోలరు, ముక్కు కింది నుంచి రుమాలు కట్టుకుని కూర్చున్నాడు. దువ్వెన అద్దం ఎదుట నిలబడి, గొంతు ఎంత పెంచాలో తెలియక ఆ రొదను మించి అరిచినట్టే మాట్లాడాడు. గేటు దగ్గర నాకూ వినపడింది. మీ మాట తెలియాలని మీసం కోశాను సార్, మిమ్మల్ని అడగకుండా కొయ్యడం తప్పు, చెవులు లేకపోవడం వల్ల చేసిన తప్పు కాదు, దాచుకోవడం వల్ల చేసిన తప్పు అన్నాడు. కంట్రోలరు కదల్లేదు, మెదల్లేదు. అంతలో ఒక బస్సు తప్పు దారిలో వెనక్కి రాసాగింది. ఆయన చటుక్కున లేచి, రుమాలు కిందికి లాగి, అద్దంలోంచి డ్రైవరుకు ఏదో చెప్పాడు. ఆ రొదలో ఆయన గొంతు డ్రైవరుకు చేరే అవకాశమే లేదు. అయినా డ్రైవరు తలూపి బస్సును పక్కకు తిప్పాడు. మరో ఇద్దరు డ్రైవర్లూ ఆయన వంక చూసి, చెప్పింది అందుకుని కదిలారు. మచ్చ వంక ఎవరూ చూడలేదు, ఎవరి బస్సు తొందర వాళ్లది.

కంట్రోలరు రుమాలు మళ్లీ కట్టుకోలేదు. దువ్వెన వైపు తిరిగి పొడిగా, పని చేసుకోనివ్వు అన్నాడట. అంతే. క్షమించానని గానీ, లేదని గానీ అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వీధి మలుపులో ఆగి నా వైపు తిరిగాడు. "ఇన్నేళ్లూ ఆ డ్రైవర్లకి ఆయన మాట మీసంలోంచే తెలిసింది కదక్కా. వాళ్లకి తెలిసినప్పుడు నాకెందుకు తెలీదు? మీసాలవాళ్లు మాట్లాడేవి వెతుకు."

వెతికాను. గడ్డాలూ మీసాలూ పెంచుకుని, నోరెక్కడుందో దేవుడికే తెలియాలన్నట్టున్న మనుషులు ఎంతమంది పాడ్‌కాస్ట్‌లు చేస్తారో అప్పుడే తెలిసింది నాకు. కొండలెక్కేవాళ్లు, తేనెటీగలు పెంచేవాళ్లు, పాత మోటారు సైకిళ్లు ఊడదీసేవాళ్లు. దూడల డాక్టరమ్మ ఎంత మహానుభావురాలో వీళ్లను చూశాక అర్థమైంది. మళ్లీ మొదటికి వచ్చాం. నా అరచెయ్యి మళ్లీ గాల్లోనే ఉండిపోయింది. ఇక లాభం లేదని నేననుకున్న రోజులున్నాయి, అతను అనుకున్నట్టు నాకు కనిపించిన రోజు లేదు. తెరను అంగుళం దూరంలో పెట్టుకుని చూసేవాడు. కొన్నాళ్లకు పెదవుల్ని వెతకడం మానేశాడు. బుగ్గ లోపలికి పోవడం, దవడ దిగడం, గొంతు ముడి లేవడం, కనుబొమ్మ ముడిపడటం, వీటన్నిటినీ కలిపి చూడటం మొదలుపెట్టాడు. ముఖమంతా మాట్లాడుతుందక్కా, మనమే మూతి ఒక్కటీ చూస్తాం అని నాకు పాఠం చెప్పాడు. ఒక మధ్యాహ్నం తేనెటీగల గడ్డాలాయన చెప్పిందంతా చెప్పేశాడు, నా చెయ్యి ఒక్కసారి కూడా లేవలేదు. నాకు ఏడుపొచ్చింది. కంట్లో నలక పడిందని చెప్పాను. అతను నా ముఖం చూసి నమ్మలేదు.

షాపులో తువ్వాళ్లు ఉతుకుతూనే ఉన్నాడు. ఉతుకుతూ అద్దం వంక చూసేవాడు. డ్రయ్యర్ రొదలో కుర్చీలోని మనిషి అడిగింది యజమానికి వినపడక, ఏంటండీ అని ఆయన వంగేలోపే, దువ్వెన సన్న దువ్వెనో, చల్లటి నీళ్లో, ఏది అడిగితే అది తెచ్చి పక్కన పెట్టేవాడు. యజమాని చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఒకసారి మాత్రం ఆ తెచ్చిన దువ్వెన వంక చాలాసేపు చూశాడని నాకు తెలిసింది. అయినా కుర్చీ సంగతి ఎత్తలేదు. మీసం మీద జరిగిన పొరపాటు గొంతు మీద జరిగితే ఏమిటన్నది ఆయన భయం. ఆ భయానికి మందు తన చేతిలో లేదని దువ్వెనా కుర్చీ అడగలేదు. లోపలి కుర్చీకి మాత్రం రోజూ దుమ్ము తుడిచేవాడు.

ఒక రోజు డ్రయ్యర్ కాలిపోయిందంటే నేను షాపులోనే కూర్చుని దాన్ని ఒళ్లో విప్పుకుంటున్నాను. గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే కంట్రోలరు. మీసం మునుపటిలా ఒత్తుగా పెరిగి, రెండు పెదవుల్నీ మూసేసింది. ఆయన మళ్లీ ఈ గుమ్మం తొక్కుతాడని ఎవరూ అనుకోలేదు. యజమాని కంగారుగా తన కుర్చీ దులిపి, రండి సార్ రండి అన్నాడు. ఆయన ఆ కుర్చీ దాటి నడిచి వెళ్లి లోపలి కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ ఎవరూ లేరు సార్, ఇటు రండి అని యజమాని బతిమాలాడు. కంట్రోలరు కదల్లేదు.

దువ్వెన వెనక కుళాయి దగ్గర తువ్వాలు పిండుతున్నాడు. కంట్రోలరు అద్దంలో అతన్ని చూశాడు. మీసం కాస్త కదిలింది. నాకేమీ వినపడలేదు. డ్రయ్యర్ నా ఒళ్లో ముక్కలై ఉంది, వీధిలో బండి కూడా లేదు, అయినా ఒక్క మాట కూడా వినపడలేదు. యజమాని ముందుకు వంగి, ఏమన్నారు సార్ అని అడిగాడు. మీసం మళ్లీ కదిలింది, అంతే చప్పుడు లేకుండా.

దువ్వెన తువ్వాలు కుళాయి మీద వదిలేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "కత్తెర నాకిమ్మంటున్నారు బావా. తల వంచినప్పుడు తను మాట్లాడరట, నన్ను ఆపాలంటే చెయ్యి ఎత్తుతారట. మీసం ముట్టుకుంటే ఈసారి ఊరుకోరట."

యజమాని నా వంక చూశాడు, నువ్వు విన్నావా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. "ఆయన నోరే తెరవలేదు కదా బావా" అన్నాడు యజమాని, దువ్వెన వైపు తిరిగి.

"తెరిచానండీ" అన్నాడు కంట్రోలరు, ఈసారి గొంతుతో. "మీకే వినపడలేదు."

యజమాని తన బల్ల మీది కత్తెర తీసి, గోడ వైపు కాదు, దువ్వెనకు సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడి, దాన్ని అతని చేతిలో పెట్టి, ముఖంలో ముఖం పెట్టి చెప్పాడు.

"నీ కుర్చీ నువ్వు చూసుకో బావా."